ప్రసాదంలో ఎండుద్రాక్ష

మా మామగారి చెల్లెలు చిన్నవయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికి ఆమెకున్న తోడల్లా ఒక చిన్న కుక్క. కోయంబత్తూరులో పనిచేసిన కుంపిణీ దొర ఒకడు సీమకు పోతూ మామగారికి అప్పగించి వెళ్ళాడు. పిల్లికంటే కాస్త పెద్దది, అంతే. ఊళ్ళోవాళ్ళు చూసి నవ్వేవారు. నవ్వడానికి వాళ్ళకేం, రోజంతా ఆమె ఎవరితో మాట్లాడాలో మాత్రం చెప్పరు.

దానికి పండ్లంటే ప్రాణం. ఆమె పెట్టే తీరు చూస్తే నాకు విసుగొచ్చేది. సీతాఫలంలో గింజలన్నీ తీసి, గుజ్జు వేలి చివర అంటించుకుని నాకించేది. మామిడిపండైతే గోరంత ముక్క, టెంక దాని నోటికి అందనిచ్చేది కాదు. అరటిపండుకి నారలు కూడా ఒలిచేది.

"పసిబిడ్డకు కూడా ఇంత చేయరు, చిన్నత్తా," అన్నాను ఒకసారి.

"గింజ అడ్డం పడితే ఇంత చిన్న ప్రాణం తాళుతాదా?" అంది, తలెత్తకుండానే.

ఆ ఏడు పత్తి బాగా పండింది. మామగారు బండి కట్టించుకుని పళని వెళ్ళి స్వామికి పంచామృతాభిషేకం చేయించారు. మా ఇంట్లో ఎప్పుడూ వాడని ఎండుద్రాక్షను మదురై వర్తకుల దగ్గర కొని, అరటిపండు, బెల్లం, తేనె, నెయ్యి పిసికిన ఆ గుజ్జులో దోసిళ్ళకొద్దీ కలిపించారు. తెచ్చిన ప్రసాదం అందరికీ ఆకుల్లో పెట్టారు. తన ఆకులోంచి కుక్కకు తీయబోతూ చిన్నత్త ఆగింది.

"అన్నా, ఈ నల్లటివి ఏరేసేదా?"

"ప్రసాదంలో ఏరేదేమి? సామి ఇచ్చినది ఇచ్చినట్టే తినాల."

ఆమె చెయ్యి కళ్ళకద్దుకుని, ఉన్నదున్నట్టే పెట్టింది. అది ఆకు కూడా నాకేసింది.

సాయంత్రానికి వాంతి చేసుకుంది. ఉబ్బిన ద్రాక్షలు అలాగే బయటపడ్డాయి. వేడి చేసిందన్నారు అందరూ. ఇంకాస్త ప్రసాదం పెట్టు, స్వామే చూసుకుంటాడన్నారు మామగారు. పెట్టింది. తరువాత అది నీళ్ళు తాగడమే గాని మూత్రం పోయడం మానేసింది. నిలబడలేక ఆమె ఒళ్ళోనే పడి ఉండి, చివరికి అక్కడే పోయింది.

"అరటిపండు రోజూ తినేది. బెల్లం, తేనె, నెయ్యి అన్నీ నేను నాకించినవే," అంది చిన్నత్త. "దానికి కొత్తది ఆ ద్రాక్ష ఒకటే అన్నా."

"సామి ప్రసాదం మీద పళి వేస్తావా, సామినే నిందిస్తావా? నోరు మూసుకో!"

ఆమె మూసుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, అసలు మాటలే తగ్గించేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త కోడలి కోపం వంటింటి గడప దాటదు గనుక అక్కడే గిన్నెలు విసిరాను.

మరుసటి ఏడు కూడా పళని నుంచి పంచామృతం వచ్చింది, మళ్ళీ ద్రాక్షతోనే. చిన్నత్త ఆకు ముందు పెట్టుకుని, అన్నగారు చూస్తుండగానే, ఒక్కొక్క ద్రాక్షా ఏరి అంచుకు నెట్టడం మొదలుపెట్టింది. మామగారు కాసేపు చూసి మొహం తిప్పుకున్నారు. నల్లటిది ఒక్కటీ లేకుండా ఏరింది. ఏరడం అయ్యాక గుజ్జు వేలి చివర అంటించుకుని, అలవాటుగా చెయ్యి పక్కకు చాచింది.