కుందేలు కాలి కింద నేల

కుందేలుకు ఆరుబయట దొడ్డి కట్టాలనుకునేవాళ్లు కప్పు గురించి అడుగుతారు, తలుపు గురించి అడుగుతారు. నేల గురించి ఎవరూ అడగరు. నేను అడిగాను. అడిగి, లెక్క వేసి, తప్పు నేల వేశాను. తర్వాత సరైనది వేశాను. రెండింటి కొలతలూ నా పుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఇది జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నది కాదు.

ముప్పై ఒక్క ఏళ్లు కరీంనగర్ చుట్టుపక్కల బడుల్లో లెక్కలు చెప్పాను. కుందేలు నాది కాదు, పై అంతస్తులో ఉండే నా కూతురి బిడ్డది. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. అంతకుముందు ఒక కుందేలు ఉండేది. పెరట్లో మట్టి మీద చుట్టూ ఇనుప జాలీ పాతి అందులో వదిలాం. వానాకాలంలో ఒకరోజు అది జాలీ కింద సొరంగం తవ్వుకుని బయటపడింది. సాయంత్రానికి మోరీ కాలువ పక్కన బొచ్చు మాత్రం దొరికింది. కుక్కల పని. పిల్ల ఆ బొచ్చును గుప్పిట్లో పట్టుకొచ్చి, దీన్ని ఎక్కడ పెట్టాలని అడిగింది.

రెండో కుందేలు జనవరి మొదటి వారంలో వచ్చింది. ఈసారి తవ్వే వీలు లేకుండా, అడుగున కూడా జాలీ ఉన్న పంజరం కొన్నాం. పదకొండో రోజు అది వెనక కాళ్లు ఎత్తెత్తి వేస్తోందని చూశాను. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి చూస్తే రెండు మడమల మీదా వెంట్రుకలు ఊడిపోయాయి. ఎడమ మడమ మీద చొక్కా బొత్తామంత పుండు.

పశువుల డాక్టరు చూసి నాతోనే అన్నాడు, పిల్ల వినాలనే గట్టిగా అన్నాడు.

"మందు ఇస్త మేడం. మీరు పైనుంచి మందు పూస్తుంటే కిందినుంచి జాలీ కోస్తనే ఉంటది. ముందుగాల నేల మార్చుండ్రి. పుండు లోపటి బొక్కదాంక పోయిందంటే నేను జేసేదేం ఉండదు."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిల్ల ఒక్క మాటే మాట్లాడింది. "అమ్మమ్మా, మట్టి మాత్రం వద్దు."

జాలీ వద్దు, మట్టి వద్దు. మా తమ్ముడికి ఈ సంగతి చెప్పగానే నవ్వాడు. వాడు గ్రానైట్ పాలిష్ యార్డులో సూపర్‌వైజరు, మా వీధిలోనే ఇల్లు.

"గ్రానైట్ ఊర్ల ఉండి నేలకు ఫికర్ జేస్తున్నవా అక్కా? అంచులు కోసిన ముక్కలు మా తాన కుప్పలున్నయి. తవ్వలేదు, కొరకలేదు, నీళ్లు గొడితే అద్దం."

మా ఊళ్లో ఈ మాటకు ఎదురు ఉండదు. పొయ్యి గట్టు గ్రానైటు, గడప గ్రానైటు, బట్టలుతికే బండ గ్రానైటు. నాకూ అది సరైన మాటగానే తోచింది. దొడ్డి ఎనిమిది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు. రెండడుగులకు అడుగు పలకలు ఇరవై పడతాయి. నీళ్లు నిలవకుండా ఉత్తరం వైపుకు అంగుళం వాలు ఇచ్చాను. కాళ్లు జారకుండా నునుపు ముఖం కిందికి, గరుకు ముఖం పైకి వేయించాను. మా తమ్ముడు చాలా బాధపడ్డాడు.

"అద్దమోలె మెరిసే మొఖాన్ని తీస్కపోయి మన్నుల బెడ్తవా?"

"కుందేలు అద్దం చూస్కోదురా."

నీడ కూడా కొలిచాను. దొడ్డికి దక్షిణాన ఏడడుగుల ప్రహరీ గోడ ఉంది. జనవరిలో మూడు రోజులు వరసగా, మధ్యాహ్నం పన్నెండు దాటాక టేపు పెట్టాను. గోడ నీడ అయిదున్నర అడుగులు. దొడ్డి వెడల్పు అయిదే. అంటే దినమంతా పూర్తి నీడ. పుస్తకంలో రాసి కింద గీత గీశాను.

శివరాత్రి నాటికి పుండు ఎండి పెచ్చు కట్టింది. కుందేలు చల్లటి బండ మీద పొట్ట ఆనించి పడుకునేది. పిల్ల బడి నుంచి రాగానే సంచీ దించకుండానే దాని మడమ చూసి వచ్చేది. మార్చి చివరి వారంలో నేను రాసుకున్న వాక్యం ఇది: "గోడ పక్కన ఉండటానికే ఇష్టపడుతోంది." ఏప్రిల్లో మళ్లీ: "గోడను అసలు వదలడం లేదు." ఒక జీవి ఒకే చోట అతుక్కుని ఉంటే అది ఇష్టమని రాసుకున్నాను, కారణం వెతకలేదు. విద్యార్థి ఎవరైనా అలా రాసి ఉంటే సున్నా వేసేదాన్ని.

ఏప్రిల్ ఇరవై రెండున మా తమ్ముడి భార్య మామిడికాయలు తెచ్చింది. ఆమె పుట్టిల్లు బెల్లంపల్లి. చెప్పులు గుమ్మంలో విడిచి, చేతిలో కొత్తిమీర కాడలతో దొడ్డిలోకి అడుగు పెట్టి, పెట్టిన కాలు పెట్టినట్టే వెనక్కి తీసుకుంది.

"వదినె, గిది కుందేలు దొడ్డా, రొట్టెల పెనమా?"

నేను వెళ్లి నిలబడ్డాను. నాలుగు లెక్కపెట్టేదాకా కూడా నిలవలేకపోయాను. కుందేలు గోడ వారన ఒక్క పక్కకే ఒదిగి, కాళ్లు మార్చి మార్చి వేస్తోంది. ఎత్తి చూశాను. ఎడమ మడమ మీద పెచ్చు లేచిపోయి మళ్లీ ఎర్రగా ఉంది. టేపు తెచ్చి నీడ కొలిచాను. తొమ్మిది అంగుళాలు.

తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. కొలత తప్పు కాదు, నెల తప్పు. జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, గోడ నీడ పొడుగ్గా పడుతుంది. ఎండలు ముదిరే కొద్దీ నెత్తి మీదికి వస్తాడు, నీడ గోడలోకే ముడుచుకుంటుంది. చలికాలపు నీడ కొలిచి ఎండాకాలానికి నేల వేశాను.

"ముప్పై ఏండ్లు పిల్లలతోని గోడల నీడలు లెక్క గట్టిపిచ్చినవు గదా వదినె. సూర్యుడు జరుగుతడని జెప్పలేదా?"

"చెప్పిన. నాలుగు మార్కుల ప్రశ్న."

ఆ రోజుకు తడి గోనెసంచులు పరిచాం. అది మందు కాదు. పుండు తడిలో నానితే ఇంకా చెడుతుంది. మా మరదలు దొడ్డి గట్టు మీద కూర్చుని ఎటూ నాన్చకుండా చెప్పింది. "దీనికి మట్టి గావాలె. ఇంకేం పనికి రాదు." మెట్ల మీద ఉన్న పిల్ల ఆ మాట విని కిందికి దిగి వచ్చింది.

"మట్టి వద్దు. మట్టి ఉంటే తవ్వుతది. తవ్వితే పోతది."

"తవ్వనియ్యి బిడ్డా. తవ్వుడు దాని పని, పోకుంట జేసుడు మన పని. మా బాపు బొగ్గుబాయిల పనిజేసిండు. బాయిల దిగేటోళ్లు ముందు చుట్టు కట్టుదిట్టం జేసుకుంటరు, తర్వాతనే తవ్వుతరు. మనం గూడ గట్లనే. కింద జాలీ, పక్కలకు జాలీ, పెట్టె లెక్క. గా పెట్టె నిండ మట్టి."

"జాలీతోనే కదా పుండు అయింది?"

"అడుగు మట్టి కింద ఉంటే కాలుకెట్ల తాకుతది?"

పిల్ల నా వైపు చూసింది. ఆమెకు నా మాట మీద నమ్మకం, కానీ గ్రానైట్ కూడా నా మాటే. కాబట్టి చెప్పడం మానేసి లెక్క చూపించాను. ఎనిమిది, అయిదు, ఒకటి: నలభై ఘనపుటడుగుల మట్టి బయటికి రావాలి. జాలీ కన్ను అరంగుళం. అందులో దాని పంజా దూరదు. అంచులు పైకి వంచి పక్క జాలీతో జానెడుకొక చోట తీగతో కట్టాలి. ఆ కట్లు తానే లాగి చూస్తానని పిల్ల షరతు పెట్టింది. ఒప్పుకున్నాను.

పలకలు లేపి, కూలి మనిషిని పెట్టి తవ్వించాం. జాలీ పరిచి కట్టాక పిల్ల గుంతలోకి దిగి ముప్పై నాలుగు కట్లనూ ఒక్కొక్కటే రెండు చేతులతో గుంజింది. మూడు ఊడొచ్చాయి. వాటిని మళ్లీ కట్టాం. ఏ మట్టి నింపాలన్నది మా మరదలే తేల్చింది. "నల్లరేగడి వద్దు, తడిస్తే కాళ్లకు ముద్దలు గడ్తది. దుబ్బ గలిసిన ఎర్రమట్టి గావాలె." ఇసుక పాలున్న ఎర్రమట్టి తెప్పించి నింపాం, పొరకొక సారి దిమ్మిసతో కొట్టాం, పైన నాలుగు అంగుళాల మందాన ఎండు వరిగడ్డి పరిచాం. నీళ్ల గిన్నె దగ్గర మాత్రం నాలుగు గ్రానైట్ పలకలు ఉంచాను. అక్కడ ఒలికిన నీళ్లు మట్టిని బురద చేయవు, గరుకు మీద గోళ్లూ అరుగుతాయి. మా తమ్ముడికి ఆ నాలుగైనా మిగిలాయన్న తృప్తి మిగిలింది.

గోడను ఇక నమ్మలేదు. వెదురు తడకలతో పైన పందిరి వేయించి, తడకల మీద రేకు కప్పించాను. ఈసారి నీడను కాగితం మీద జూన్ నెలకు లెక్క కట్టాను. అప్పుడు సూర్యుడు నెత్తిని దాటి ఉత్తరానికి పోతాడు, ఆ గోడ నీడ మధ్యాహ్నం మాకు అసలు పడదు, అవతల పొరుగు వాళ్ల వాకిట్లో జానెడు పడుతుంది. పందిరిని అందుకే ఉత్తరం వైపు రెండడుగులు ముందుకు లాగించాను.

కుందేలును వదిలిన మొదటి వారం అది తవ్వలేదు. ఎప్పుడు తవ్వుతుందోనని పిల్లకు అదే ఇంకా భయం. ఎనిమిదో రోజు. బడికి వేసవి సెలవులు. నేను వంటింట్లో ఉన్నాను. "అమ్మమ్మా, తవ్వుతుంది" అని మెల్లగా వినిపించింది. వెళ్లేసరికి గడ్డి అంతా వెనక్కి ఎగిరి ఉంది, గుంతలోంచి వీపు మాత్రం కనిపిస్తోంది. పిల్ల తలుపు గడియ మీద చెయ్యి వేసి పెట్టుకుంది. తియ్యొద్దన్నాను. నా లెక్క తప్పయితే ఆ తొమ్మిదేళ్ల పిల్ల ముందు రెండోసారి తప్పవుతుందని నాకు తెలుసు.

మట్టి తన్నే చప్పుడు కొంతసేపు సాగింది. తర్వాత గోళ్లు తీగ మీద పడిన చిన్న చప్పుడు. మళ్లీ ఒకసారి. కుందేలు అక్కడే పక్కకు జరిగి ఇంకోచోట గీకింది. అక్కడా తీగే. కొద్దిసేపు ఆగింది. తర్వాత అటూ ఇటూ తిరిగి, తాను తవ్విన చల్లటి గుంతలోనే పొట్ట ఆనించి, వెనక కాళ్లు రెండూ బార్లా చాపి పడుకుంది.

పంజరం వచ్చినప్పటి నుంచి అది అలా కాళ్లు చాపడం మేం చూడలేదు. అరికాళ్లు మా వైపే ఉన్నాయి. పిల్ల గడియ మీద చెయ్యి తీసి, నేల మీద బోర్లా పడుకుని, జాలీలోంచి ఎడమ మడమను చాలాసేపు చూసింది.

"ఎర్రగ లేదు అమ్మమ్మా. అంచులకు బొచ్చు వస్తుంది. తారీఖు రాయి."

రాశాను.