బావగారి కారుకు సెలైన్

కూకట్‌పల్లి నుంచి రాయదుర్గం వెళ్లే దారిలో అప్పట్లో బండరాళ్ల మధ్య నిటారుగా ఒక ఎత్తు ఉండేది. చుట్టూ కంప్యూటర్ ఆఫీసుల గోడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. అక్కడ నాకు జరిగిన అవమానం ఇంకా గుర్తుంది.

ఆదివారం ప్రార్థన కూటానికి మా ఆవిడ బంధువుల ఇంటికి వెళ్తున్నాం. నేను కొన్న పాత పెట్రోలు కారు సగం ఎత్తులో టకటకా కొట్టుకుని లాగలేకపోయింది. అందరూ దిగాల్సొచ్చింది. మా అత్తగారు కుచ్చిళ్లు పట్టుకుని, "మీరు నిదానంగా రండి అల్లుడుగారూ, మేం నడిచి వెళ్లి మీకోసం ప్రార్థన చేస్తుంటాం" అన్నారు. బావమరిది పైదాకా నవ్వుతూనే నడిచాడు.

మా ఆవిడ నవ్వలేదు. వచ్చే వారమూ అమ్మ నడవాల్సొస్తే కారు అమ్మేయాలంది.

మెకానిక్ స్పార్కు కాస్త ఆలస్యంగా పడేలా తిప్పాడు. చప్పుడు పోయింది, దాంతోపాటు సత్తువా పోయింది. మళ్లీ మొదటిలాగే పెట్టించాను. బరువు లాగేటప్పుడు లోపలి వేడికి పెట్రోలు ముందే పేలడం వల్లే ఆ చప్పుడని, గాలితోపాటు కాసిని నీళ్లు పోతే ఆ వేడిని లాగేస్తాయని కాలేజీలో చదివాను. మందుల షాపులో సెలైన్ గొట్టం కొని, సీసాలో మంచినీళ్లు పోసి ముందు సీటు పక్కన తగిలించి, గొట్టం కొసను కార్బురేటర్ నోట్లో పెట్టాను. మా ఆవిడ నర్సు. చుక్కలు సర్దే చక్రం ఆమె చేతికిచ్చాను.

"బావగారి కారుకు సెలైన్ ఎక్కిస్తున్నారు, చూడ్డానికి పళ్లేమైనా తేవాలా?" అన్నాడు బావమరిది.

ఆ ఆదివారం ఎత్తు మొదట్లో గేదెలు అడ్డొచ్చి ఆగాం. చుక్కలు ఆపడం ఎవరికీ తట్టలేదు. ఊరికే తిరుగుతున్న ఇంజను అన్ని నీళ్లు తాగలేక దగ్గి ఆగిపోయింది. అత్తగారు తలుపు తీయబోయారు.

"కూర్చో అమ్మా, పేషెంటు లేస్తాడు" అంది మా ఆవిడ, చక్రం బిగిస్తూ.

లేచాడు. సగం ఎత్తులో చప్పుడు మొదలవగానే ఆమె చుక్కలు వదిలింది. చప్పుడు ఆగింది. ఎవరూ దిగకుండా పైకి చేరాం.

కూటంలో అత్తగారు లేచి, పోయిన వారం తను చేసిన ప్రార్థన వల్లే కారు ఎక్కిందని సాక్ష్యం చెప్పారు. నీళ్ల ఊసే లేదు. నేనూ లేచాను. నీళ్లను సృష్టించిన దేవుడికి వందనాలు చెప్పి, వాటిని కార్బురేటర్‌లోకి పంపిందెవరో పాస్టరుగారు గడియారం చూసేదాకా వివరించాను. బావమరిది గట్టిగా "ఆమెన్" అన్నాడు. అది వెటకారమేనని నా నమ్మకం.

కారు అమ్మలేదు. తర్వాతి ఆదివారం చుక్కల చక్రం తనకిమ్మని అత్తగారే అడిగారు. ఇవ్వలేదు.