చెయ్యి వేసే ముందు

నా చిన్నప్పుడు అంటే మరీ చిన్నప్పుడేం కాదు, పదో తరగతి పాసైన ఎండాకాలం. హైదరాబాదులో నర్సింగు స్కూల్లో సీటు వచ్చింది. మా నాన్న ఆ సంగతి జహీరాబాద్ బస్టాండులో ఎదురైన ప్రతి మనిషికీ చెప్పాడు. నాకేమో అన్నం సయించేది కాదు. గడప దగ్గరి నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గడప దగ్గరికి ఊరికే తిరిగేదాన్ని. జబ్బుమనిషి ఒంటిమీద చెయ్యి వెయ్యాలంటే నాకు భయం. అసహ్యం కాదు, భయమే. నా చెయ్యి తగిలి వాళ్లకు ఇంకేదో అయిపోతుందని.

మా ఇంట్లోనే తుంటి విరిగి, చేతులు కూడా పైకి లేవక మంచం పట్టిన నాయనమ్మ ఉండేది. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం అంతా అమ్మే. నేను నీళ్ల చెంబు అందించి మెల్లగా తప్పుకునేదాన్ని. సొంత నాయనమ్మనే ముట్టుకోలేనిదాన్ని పరాయివాళ్లకేం చేస్తాను? నర్సింగు నాకొద్దని నాన్నతో చెప్పేద్దామని రోజూ అనుకోవడం, ఆయన ముఖం చూసి ఆ మాట మింగేయడం. ప్రయాణం దగ్గరపడుతోంది.

అల్లం నాటే రోజులవి. అమ్మానాన్నా చేనికి పోయారు. నేను పొద్దున్నుంచీ కూర్చుని విత్తనపు అల్లం ముక్కలుగా విరుస్తున్నాను, వేళ్లు మండుతున్నాయి. లోపలి నుంచి నాయనమ్మ పిలిచింది. కళ్లలోకి చెమట కారుతోందట, తుడవమంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆ పని ఎంత తొందరగా అయితే అంత మేలని గుడ్డ తడిపి పరుగెత్తాను. చేతులు కడుక్కోవాలని మాత్రం తోచలేదు.

అల్లం రసం కళ్లలో పడి ఆమె కెవ్వుమంది. నేను భయపడ్డదే జరిగింది. పక్కింటి పిన్నిని పిలుద్దామని గడప దాటబోయాను.

"యాడికి ఉరుకుతున్నవ్? నువ్వుండంగ ఇంకొకలెందుకు? ముందుగాల సబ్బువెట్టి చేతులు కడుక్కో. మళ్ల రా" అంది నాయనమ్మ.

కడుక్కొని వచ్చి తల పట్టుకోబోతే ఉలిక్కిపడింది.

"నాకు కండ్లు కనవడ్తలేవు బిడ్డా. చెయ్యి వెట్టేముందు జర చెప్పు."

చెప్పాను. నాయనమ్మా, తల పక్కకు తిప్పుతున్నా. నీళ్లు పోస్తున్నా. ఎడమ కన్ను, కొంచెం తెరువు. మాట వెనకే చెయ్యి బుద్ధిగా నడిచింది. చెప్పాక చెయ్యకుండా ఎలా ఉంటాను? బిందె సగం ఖాళీ అయ్యేసరికి ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. చింతనిప్పుల్లా ఉన్నాయి ఆ కళ్లు. నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రం అమ్మ వచ్చి, కళ్లు అంత ఎర్రగా ఎందుకున్నాయని అడిగింది. "చెమట వడ్డది. పిల్ల మంచిగ కడిగింది" అంది నాయనమ్మ. రెండూ నిజాలే మరి. నాన్నతో చెప్పాలనుకున్న మాట నేనిక చెప్పలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు దవాఖానలో పనిచేశాను. భయం పోయిందని అబద్ధమాడను. కొత్త మనిషి మంచం దగ్గరికి వెళ్తే చెయ్యి వెనక్కి గుంజేది. అందుకే ఏం చేయబోతున్నానో నోటితో చెప్పి, అప్పుడే చెయ్యి వేసేదాన్ని. స్పృహ లేనివాళ్ల దగ్గరా అంతే. వాళ్లకు వినిపిస్తుందా అని తోటివాళ్లు నవ్వేవారు. వాళ్లకు వినిపించేదో లేదో నాకు తెలియదు. నా చేతికి వినిపించాలి.