ట్యాంకుల దిగుతవా?

తెలంగాణ కోసం రాస్తారోకో నడుస్తుంటే సిద్దిపేటల మా బస్సు ఆగిపోయింది. కెమికల్ మోసే ఓడలల్ల పనికి ట్రైనింగ్ అయితున్న నేను, ఆ పని నేర్పే పుస్తకం చదువుకుంటున్న. పక్కసీట్ల ఆమె దాన్ని గుంజుకుంది.

"ఓడ ట్యాంకుల నీ దోస్తు పడిపోయిండనుకో. దిగుతవా?"

"దిగక, సావనిస్తనా అక్కా?"

"మా తమ్ముడు దోస్తు కోసం గట్లనే దిగిండు. గ్యాసుకు ఇద్దరూ సచ్చిన్రు. గీ పుస్తకం వాడూ సదివిండు!"

పుస్తకం నా మీదికి విసిరికొట్టి వేరే సీట్లకు పోయింది. నాకు మస్తు కోపమొచ్చింది.

కొన్నేండ్లకు మా ఓడ ట్యాంకుల ఒకడు పడిపోయిండు. వెంటనే దిగబోయిన ఇద్దరిని, గాలి మాస్కులు వచ్చేదాక కాలర్లు పట్టుకొని ఆపిన. నన్ను తిట్టిన్రు, కొట్టిన్రు. పడ్డోడు దక్కలేదు. ఆ ఇద్దరు బతికే ఉన్నరు గని, ఇప్పటికీ నాతోని మాట్లాడరు.