ఒరిగే బండిని నిలబెట్టినందుకు

ఆ బండిని మావాడు, అంటే నా కొడుకు, కొనలేదు. సముద్రం ఒడ్డున ఒక రిసార్టు మూతపడితే, అక్కడ వాచ్‌మన్‌గా చేసినందుకు రావలసిన జీతానికి బదులు ఓనరు దాన్ని అంటగట్టాడు. లావుపాటి టైర్లు నాలుగు, స్కూటరు హ్యాండిలు, మధ్యలో గుర్రం వీపులాంటి సీటు. అందరూ దాన్ని బీచి బండి అనేవాళ్ళు. కావలి నుంచి, నెల్లూరు నుంచి కార్లలో వచ్చేవాళ్ళని ఎక్కించుకుని ఇసుకలో ఒక చుట్టు తిప్పితే డబ్బులిస్తారు. జీతం పోయినా ఒక తెరువు దొరికిందిలే అనుకున్నాం.

అది రేసు రకమని మాకు తెలియదు. సన్నగా, ఎత్తుగా, స్ప్రింగుల మీద నిక్కి నిలబడి ఉండేది. ఒక్క మనిషి గుట్టల మీద ఎగరేసుకుంటూ పోవడానికి చేసిన బండి. దాని మీద మావాడు వెనకాల ఇద్దర్ని కూర్చోబెట్టి తిప్పాడు. మొదలుపెట్టిన కొద్దిరోజులకే మలుపులో ఒరిగి ఒకాయన మణికట్టు విరిగింది. ఇంకోసారి ఒరిగినప్పుడు మావాడి భుజమే జారింది. ఊరి పెద్దలు పిలిచి, ఈ బండి మన ఒడ్డు మీద తిరగకూడదని కట్టు పెట్టారు. మా పల్లెలో కట్టు దాటిన ఇంటికి వేటకి ఎవరూ తోడు రారు, చావుకి కూడా రారు. మావాడు బండి మీద టార్పాలిన్ కప్పి, చెన్నై హార్బర్లో పెద్ద బోట్ల మీద పనికి పోయాడు. పోతూ పోతూ పెళ్ళానికి చెప్పింది ఒకే మాట.

"దాన్ని పాత ఇనుముకి ఏసెయ్."

కోడలు వెయ్యలేదు. ఆమె అప్పటికి రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోతోంది. ఐసునీళ్ళలో రోజంతా నిలబడి చేసే పని. చేతులు ఉబ్బి, ఇంటికొచ్చాక అన్నం కలుపుకోవడానికి వేళ్ళు వంగేవి కావు. నేను ఎండుచేపలు అమ్ముకునేదాన్ని, ఉప్పు చేతులు నాకూ తెలుసు. కానీ ఆ చేతులు వేరు. పెళ్ళయి వచ్చినప్పుడు పదో తరగతి పాసైన పిల్ల అని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నాం. ఒకరోజు ఆమె నా దగ్గర కూచుని అడిగింది.

"అత్తా, బండిని ఒరగకుండా చేస్తే పెద్దోళ్ళు కట్టు తీసేస్తారా?"

"తీస్తే ఎవరు తోల్తారే?"

"నేనే."

"మీ ఆయనే పడేసినాడు. నువ్వు నిలబెడతావా?"

"నిలబెడితే ఆ ఐసులోకి పోయే పని తప్పుద్ది గదత్తా."

మర్నాడు పెద్దకాపు దగ్గరికి పోయి అడిగాను. ఊరికి ఆయన మాటే మాట. నన్ను వదినా అని పిలిచే మనిషి. ఆయన నవ్వి, "బోట్లు లాగే ఏటవాలు మీద ఇద్దరు మనుసుల్ని ఎక్కించుకోని, చక్రం లెయ్యకుండా మలుపు తిప్పమను వదినా. అప్పుడు చూద్దాం" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. ఎవరు తోలాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

మొదట చేసిన పని తెలివితక్కువ పని. పడవ మనుషులం గదా. ఒరిగే పడవకి అడుగున బరువు వేస్తే నిలబడుతుందని చిన్నప్పటి నుంచీ చూసినదే. వలలకి కట్టే సీసపు గుండ్లు ఒక గోతంలో నింపి సీటు వెనక కట్టాం. కోడలు ఎక్కి బండి కదిలించగానే ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. ఆమె వెల్లకిలా ఇసుకలో పడింది. వలలు బాగుచేసుకుంటున్న మొగవాళ్ళు ఒకటే నవ్వు.

"ఏంది పెద్దమ్మా, కోడల్ని శ్రీహరికోట నించి పంపిచ్చాల్సింది ఈడనించే పంపిస్తుండావే?"

"నవ్వబాకండ్రా. మీ పడవలు ఎన్నిసార్లు తిరగబడినాయో నా కాడ లెక్కుండాది" అన్నాను. వాళ్ళు మళ్ళీ వలల మీదికి వంగారు.

కోడలు ఇసుక దులుపుకుంటూ, "పడవలో బరువు నీళ్ళ కిందుంటాదత్తా, మనం నెత్తిన పెట్టినాం" అంది. నిజమే. అంత తేలిక విషయం ఇద్దరికీ ముందు తట్టలేదు.

తర్వాత దాన్ని చిన్న ఆటోలో వేసుకుని కావలి తీసుకుపోయాం. మెకానిక్కు చుట్టూ తిరిగి చూసి, వెడల్పు ఇరుసు, కొత్త స్ప్రింగులు చెన్నై నుంచి తెప్పించాలన్నాడు. ఎంతవుతుందో చెప్పాడు. ఆ డబ్బుతో ఒక పాత పడవే వస్తుంది.

"నాయనా, కొత్తవి కొనే శక్తే ఉంటే ఈ గాడిదతో మాకేం పని? ఉన్నదాన్నే బాగుచేసే దారుంటే చెప్పు."

"అట్టాంటి పనులు నేను చెయ్యనవ్వా. నీ గాడిదని నా షెడ్డు ముందర నుంచి తీసెయ్."

తీసేశాం. ఆటో బాడుగ దండగయిందని దారంతా తిట్టుకుంటూ వచ్చాను.

ఆ పైన పని మేమే చేశాం. కోడలు కంపెనీ బస్సులో ఫోను చూసి నేర్చుకునేది, ఇంటికొచ్చి చేసేది. డబ్బు ఖర్చులేనివి ముందు చెయ్యాలని నేను పట్టుబట్టాను. అన్నిటికన్నా ముందు గాలి. మావాడు టైర్లలో రాయిలాగా గాలి కొట్టించాడు. ఇసుకలో అట్లాంటి టైరు పట్టదు, ఎగిరెగిరి పడుతుంది. గాలి తీశాం. ఎంత తీయాలి, అన్నిట్లో సమానంగా ఉందా అని చూడడానికి మా దగ్గర మీటరు లేదు. పోటు తగ్గాక తడి ఇసుక మీద బండిని నెట్టి, టైరు అచ్చులు ఎంత వెడల్పు పడ్డాయో కొబ్బరి ఈనెతో కొలిచాం. ఎడమ అచ్చు ఎక్కువుంటే కుడివైపు ఇంకాస్త తీసేవాళ్ళం. రెండు వైపులా ఒకటే అచ్చు పడేదాకా తీశాం.

హ్యాండిలు తిన్నగా పట్టుకున్నా బండి పక్కకి లాగేది. వల దారాన్ని వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా బిగించి చూస్తే ముందు చక్రాలు కాకి కాళ్ళలాగా వంకరగా ఉన్నాయి. హ్యాండిలు కిందుండే కడ్డీలను నట్టు వదులుచేసి తిప్పుతూ, చక్రం దారానికి ఆనేదాకా సరిచేశాం. స్ప్రింగుల కింద రింగు ఉంటుంది, దాన్ని కిందికి దించితే బండి ఎత్తు తగ్గుతుంది. ఉప్పుగాలికి అవి తుప్పుపట్టి కదలలేదు. కిరసనాయిలు గుడ్డలు చుట్టి నానబెట్టి, సుత్తితో మెల్లగా తట్టి తట్టి తిప్పాం. బండి కాస్త నడుం వంచింది. చక్రాల్ని పట్టుకునే కడ్డీల్లో అరిగిపోయిన బుష్షు తొడుగులకి బదులు, ఇనుము చెక్కే లేతుషాపులో నైలాను కడ్డీ కోయించి వేశాం.

చివరిది దిమ్మలు. చక్రానికీ అది బిగిసే చోటికీ మధ్య అల్యూమినియం దిమ్మ పెడితే చక్రం బయటికి జరుగుతుంది, బండి కాళ్ళు వెడల్పు చేసుకుని నిలబడుతుంది. ముందువాటికి పెడితే హ్యాండిలు బరువవుతుందని వెనక రెంటికే చేయించాం. లేతు అతను, "బోల్టులు గట్టివి ఎయ్యాలవ్వా. ఈడ డబ్బు మిగిలిస్తే మనిసి పోతాడు" అన్నాడు. నేను జన్మలో బేరమాడకుండా కొన్న వస్తువులు ఆ బోల్టులే. దిమ్మలకీ బోల్టులకీ డబ్బు కోడలు రొయ్యల కంపెనీలో తెచ్చుకున్నది. నాది కాదు, మావాడిది అసలే కాదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానో ముందుముందు తెలుస్తుంది.

పరీక్ష రోజు ఊరంతా ఒడ్డునే ఉంది. వేట నిషేధం నెలలు, మొగవాళ్ళకి వేరే పని లేదు. ఏటవాలు మీద రెండు తెడ్లు పాతారు, వాటి చుట్టూ తిరిగి రావాలి. ఎక్కడానికి పెద్దలు ఎంచింది ఊళ్ళో ఇద్దరు బండమనుషుల్ని, అన్నదమ్ములు.

"వీళ్ళిద్దరూ ఎక్కితే బోటే మునుగుద్ది గదయ్యా" అన్నాను.

"బండి నిలబడింది అన్నావు గద వదినా" అన్నాడు పెద్దకాపు.

కోడలు చీర కుచ్చెళ్ళు దోపుకుని, పైన మొగుడి పాత చొక్కా వేసుకుంది. వెనక కూచున్న అన్నదమ్ములతో గట్టిగా చెప్పింది. "అన్నా, తిప్పేటప్పుడు ఇద్దరూ పైన దిబ్బ వైపుకి వంగాల. తెప్ప మీద ఎట్టా వంగుతారో అట్టా. బిగుసుకోని కూచుంటే ముగ్గురం పోతాం."

"నువ్వు బద్రంగా తోలు చెల్లే, ఇంటికాడ పిల్లలుండారు" అన్నాడు పెద్దోడు.

మొదటి తెడ్డు దగ్గర వేగం తగ్గించి తిప్పింది. రెండో తెడ్డు దగ్గర ఇసుక వదులుగా ఉంది, బండి వెనక భాగం కిందికి జారింది. ఆమె హ్యాండిలు జారిన వైపుకే తిప్పి, తాను దిబ్బ వైపుకి వంగింది. అన్నదమ్ములు కూడా వంగారు. నాలుగు చక్రాలూ నేల వదలలేదు. కిందికి వచ్చి పెద్దకాపు ముందర ఆపింది. చూస్తున్న ఆడవాళ్ళు ఈలలు వేశారు. మా పల్లెలో ఆడవాళ్ళు ఈల వెయ్యడం నేను అదే చూడడం.

పెద్దలు పక్కకి పోయి మాట్లాడుకుని వచ్చారు.

"బండి నిలబడింది. కట్టు తీసేస్తుండాం" అన్నాడు పెద్దకాపు. "వాడికి ఫోను చేసి రమ్మను వదినా."

"వాడెందుకు?"

"తోలాల్సింది వాడే గదా. ఆడమనిసి ముక్కూమొగం తెలవని మొగోళ్ళని ఎనకాల కూచోబెట్టుకోని తిరిగేది మన ఊళ్ళో లేదు."

"ఇప్పుడు ఎనకాల కూచున్నోళ్ళు ఆడోళ్ళా?"

"అది పరీచ్చ వదినా. యాపారం వేరు."

నేను చాలా మాటలు అన్నాను. అవన్నీ రాయను. ఈలలు వేసిన ఆడవాళ్ళలో ఒక్కరూ నా పక్కన నిలబడలేదు. కోడలు బండిని ఇంటికి తోసుకుపోయింది. ఇంజను ఉండి కూడా తోసుకుపోయింది.

మావాడు వచ్చాడు. ఇనుముకి వెయ్యమన్న బండిని చుట్టూ తిరిగి చూసి, ఊపి చూసి, "బాగానే చేయించినారే" అన్నాడు. ఎవరు చేయించారని అడగలేదు. నాలుగు ఆదివారాలు తిప్పాడు. జనం వచ్చారు. కోడలు కంపెనీ పని మానేసి టికెట్లు కోసింది, ఆ మాత్రమైనా దక్కిందిలే అని. తర్వాత ఒకరోజు భోజనం చేస్తూ చెప్పాడు.

"మా, ఇక్కడ జనం చాలదు. స్నేహితుడు నెల్లూరు పక్కన బీచిలో జాగా పట్టినాడు. బండి ఆడికి తీసకపోతా."

"మరి దాని సంగతి?" అని కోడలి వైపు చూపించాను.

"దానికేంది? ఇంట్లో ఉంటాది. నేను పంపిస్తా గదా."

చెన్నై నుంచి ఏం పంపాడో ముగ్గురికీ తెలుసు. ప్రార్థన చేసి మొదలుపెట్టిన అన్నం ఎవరూ పూర్తిగా తినలేదు.

పొద్దున చిన్న లారీ వచ్చింది. అందరూ చూస్తుండగానే నేను బండి వెనక భాగం కింద జాకీ పెట్టి లేపాను. చక్రాలు విప్పి, రెండు దిమ్మలూ ఊడదీసి, మళ్ళీ చక్రాలు పాత చోటే బిగించాను. గట్టిగానే బిగించాను. వాడు చావాలని కాదు.

"ఏంది మా, పిచ్చెక్కిందా నీకు?"

"బండి నీది. తీసకపో. ఇవి దాని చేతులు ఉబ్బితే వచ్చినాయి. ఇవి పోవు."

"రెండు అల్యూమినియం ముక్కలకి ఊళ్ళో పరువు తీస్తావా?"

"పరువు నీ లారీలో ఎక్కించుకోని పో."

పోయాడు. దిమ్మలు లేక వాడేమీ ఆగిపోలేదు. అక్కడ ఇంకో లేతుషాపులో రెట్టింపు డబ్బుపెట్టి ఇంకా మంచివి చేయించాడని తెలిసింది. వెండి గిన్నెల్లాగా మెరుస్తాయంట. బండి బాగా తిరుగుతోందంట. రెండు నెలలు డబ్బు పంపలేదు. అడిగితే, "మా అమ్మనే అడుగు, ఆ ముక్కలు అమ్ముకోని పెడతాది" అన్నాడని కోడలు చెప్పింది. చెప్పి ఊరుకోలేదు.

"నువ్వు గమ్మునుంటే కొంచమన్నా పంపేవాడేమో అత్తా. ఆ దిమ్మలు నేనేం చేసుకోవాల?"

"నీ సొమ్మే నీకు నిలబెట్టినా."

"నా సొమ్ము బండికుంటేనే గద సొమ్ము."

మర్నాడు దిమ్మలు సంచిలో వేసుకున్నాను. లేతు అతని దగ్గరికి తీసుకుపోతే, ఈ కొలత ఇంక దేనికీ పట్టదు, తూకానికైతే తీసుకుంటానన్నాడు. తూకానికి ఇవ్వడానికి మనసొప్పక వెనక్కి తెచ్చాను. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ మాట ఇంట్లో పైకి అనను.

వర్షాలు మొదలయ్యాక కోడలు మళ్ళీ రొయ్యల కంపెనీకి పోయింది. మధ్యలో మానేసినందుకు పాత లెక్క చెల్లదని, కొత్తగా చేరినవాళ్ళ జీతమే రాశారు. అదే గది, అదే ఐసు. పొద్దున బస్సు హారను వినపడగానే లేస్తుంది. ఇంతకుముందు "పోయొస్తా అత్తా" అని చెప్పి పోయేది. ఇప్పుడు తలుపు దగ్గరికి వేసుకుని పోతుంది.