శనివారం నన్ను చూసినాయన

రాజోలులో నేను ఫిజిక్సు లెక్చరర్ని. నలభై దాటేదాకా మగవాళ్ళు మగవాళ్ళతో కలిసి డాన్సు ఆడే చోటు నేను చూడలేదు. కాలేజీ పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు, ఆన్‌లైన్‌లో పరిచయమైన స్నేహితుడు ఒక శనివారం రాత్రి పబ్బుకి తీసుకెళ్ళాడు. "ఇవాళ మనవాళ్ళ రోజు. ఇక్కడ ఎవరికీ భయపడక్కర్లేదు" అన్నాడు.

కాసేపు గోడకి అంటుకుని నిలబడ్డాను. నెరిసిన గడ్డం ఉన్న పెద్దాయన ఒకరు, కళ్ళకి కాటుక పెట్టుకుని, తన తోడు భుజం మీద తల వాల్చి నింపాదిగా ఊగుతున్నాడు. ఎవరూ వింతగా చూడటం లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. స్నేహితుడు చెయ్యి పట్టి లాగితే వెళ్ళి, చొక్కా తడిసి ముద్దయ్యేదాకా ఆడాను. అంత గట్టిగా నవ్వి ఎన్నేళ్ళయిందో!

మంచినీళ్ళకని కౌంటరు దగ్గరికి వచ్చేసరికి అవతలి చివర తెలిసిన మొహం. మా ఊరి మెడికల్ షాపాయన, నాకంటే పదేళ్ళు చిన్న. మా అమ్మ బీపీ మాత్రలు అక్కడే కొంటాను. చేతిలో ఫోను పట్టుకుని నన్నే చూస్తున్నాడు. మరుక్షణం జనంలో కలిసిపోయాడు. నీళ్ళు తాగకుండానే బయటికి వచ్చేశాను.

ఊరొచ్చాక మాత్రలకి అమలాపురం వెళ్ళడం మొదలుపెట్టాను. స్టాఫ్‌రూములో ఎవరు ఫోను చూసి నవ్వినా నా గురించేనేమో అనిపించేది. నెల తిరక్కుండా ఒక సాయంత్రం ఆయనే పెళ్ళికార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, షాపుకి రావటం మానేసేరేంటండీ?" అన్నాడు. అమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. కార్డు తీసి చూస్తే పెళ్ళికూతురు మురమళ్ళ పిల్ల. నా దగ్గరే ఇంటర్ చదివింది.

"అక్కడ చూసింది నేనెవరికీ చెప్పను. ఆ అమ్మాయికి మాత్రం మీరే చెప్పాలి" అన్నాను, గొంతు తగ్గించి.

ఆయన నవ్వాడు. "ఆయ్. ఆ రోజు మీరు చాలా బాగా డాన్స్ చేసేరండి. వీడియో తీసేను. అమ్మగారికి చూపించమంటారా?"

అమ్మ కాఫీ తెచ్చింది. ఆయన చివరి చుక్కదాకా తాగి, "ఇద్దరూ తప్పకుండా రావాలండి" అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆ పిల్ల నంబరు సంపాదించి ఫోను చేశాను. నా గొంతు వినగానే, "మాస్టారూ! పెళ్ళికి వస్తున్నారా అండీ?" అంది సంబరంగా. "వస్తానమ్మా" అని పెట్టేశాను. వెళ్ళాను కూడా. అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా వచ్చేశాను.

ఏడాది గడిచింది. మొన్న ఆ పిల్ల ఏదో సర్టిఫికెట్ కోసం కాలేజీకి వచ్చింది. బాగా చిక్కింది. "మాస్టారూ, మిమ్మల్నొకటి అడగాలండి" అంది. గేటు దగ్గర మోటారుసైకిలు మీద ఆయన మాకేసే చూస్తున్నాడు. ఆమె అటు చూసి, "మళ్ళీ వస్తానండి" అని గబగబా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అమ్మని కూర్చోబెట్టి నా సంగతి, ఆయన సంగతి మొత్తం చెప్పేశాను. అమ్మ అంతా వింది. తర్వాత, "ఆ పిల్లొస్తే దాచకు" అంది, అంతే.

ఆమె ఇంకా రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్ అని వస్తోంది.