నా పేరు మీద తీసుకున్న ఎల్‌సీ

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, వేసవి బదిలీల్లో నన్ను రేపల్లె దగ్గర ఒక సెక్షన్‌కు ఏఈగా వేశారు. ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజనీరు. విద్యుత్ శాఖలో ఒక సబ్‌స్టేషన్, దాన్నుంచి ఊళ్లకు కరెంటు మోసుకెళ్లే పదకొండు కేవీ ఫీడర్లు, వాటిమీద పనిచేసే లైన్‌మన్లు, కరెంటు పోయినప్పుడల్లా ఊళ్లవాళ్లు పెట్టే చీవాట్లు, ఇవన్నీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఖాతాలోకి వస్తాయి. సబ్ ఇంజనీరుగా చేరి మెట్టు మెట్టుగా పైకి వచ్చినదాన్ని కాబట్టి చీవాట్లు నాకు కొత్త కాదు.

అప్పటికే నాకు మూడు వ్యాపకాలున్నాయి. వాటిని ఎవరైనా కాలక్షేపం అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొదటిది హార్మోనియం పెట్టె, తెల్లవారుజామున సాధన. శనివారం సాయంత్రాలు తెనాలిలో పద్యనాటకం రిహార్సళ్లలో అదే వాయించడం. శీతాకాలం ఆదివారాలు సూర్యలంక తీరంలో వలస పక్షుల లెక్క, తిరుగుదారిలో బాపట్లలో ఒక విశ్రాంత పండితుడి దగ్గర సంస్కృత వ్యాకరణం. ఆయన పాఠం అప్పజెప్పకపోతే వయసు చూడకుండా నిలబెట్టేవారు.

ఏఈ హెడ్‌క్వార్టర్స్ దాటాలంటే పై అధికారి ఏడీఈ గారి అనుమతి కావాలి, పక్క సెక్షన్ ఏఈ మన ఫీడర్ల బాధ్యత ఒప్పుకోవాలి. పక్క సెక్షన్ అబ్బాయికి పండగలంటే ప్రాణం. అందుకని అతని పండగలన్నీ నేను కాశాను, నా శనాదివారాలు అతను కాశాడు. అనుమతి కోసం వెళ్లినప్పుడల్లా మా ఏడీఈ గారు ఒకటే ఆట పట్టించేవారు.

"ఏంటమ్మా, కొంగలు, పెట్టె, శ్లోకాలు... మధ్యమధ్యలో కరెంటు కూడా చూస్తున్నారా?"

"నా ఫీడర్ల మీద ఫిర్యాదుంటే చెప్పండి సార్, అన్నీ మానేస్తాను" అనేదాన్ని. ఫిర్యాదు రానివ్వకూడదన్న పంతంతోనే ఉద్యోగం రెండింతలు చేశానని ఆయనకు తెలియదు.

తెనాలి బృందం పెద్ద సీతారామయ్య గారు, రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన దగ్గర చాలా ఏళ్లు రిహార్సళ్లకు మాత్రమే వాయించాను. పద్యనాటకంలో హార్మోనిస్టు పని రాగం అందించడంతో అయిపోదు. ఒక నటుడిది ఒకటిన్నర శ్రుతి, ఇంకొకరిది నాలుగు, ఆడవేషం వేసే ఆవిడది ఐదు. పాత్ర నోరు తెరిచేలోగా వేళ్లు ఆ శ్రుతిలో ఉండాలి. నాటక పోటీల్లో, నిండు సభలో ఆ పెట్టె ముందు కూర్చోవాలన్నది నా కోరిక. పాత హార్మోనిస్టుకు చేతులు వణకడం మొదలయ్యాక ఆ ఏడాది సీతారామయ్య గారు నన్ను పిలిచి, పోటీకి నువ్వే వాయించాలమ్మా అన్నారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టాను. మా పనిలో ముఖ్యమైన ఫీడరుకు పక్క సబ్‌స్టేషన్ నుంచి మరో దారి ఉంచుతాం. ఇటు లైను పడిపోతే అటునుంచి సరఫరా ఇస్తాం. అలాగే నాతోపాటు ఇంకొకరికీ నాటకం మొత్తం నేర్పిస్తాను అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

"పెళ్లికి ఇద్దరు పెళ్లికొడుకులెందుకమ్మా?"

"నాది కరెంటు ఉద్యోగం మాస్టారూ. ముహూర్తానికి పెళ్లికొడుకు స్తంభం దగ్గర ఉండొచ్చు" అన్నాను.

తెనాలిలోనే కుట్టుషాపు నడిపే వనజ వేళ్లు చురుకైనవి. ఆమెకు ప్రతి శనివారం నా పక్కనే పెట్టె వేయించి, ఎవరి శ్రుతి ఎక్కడ మారుతుందో పద్యం పద్యానికీ నేర్పాను.

పోటీ ఒక శనివారం సాయంత్రం పడింది. అదే రోజు మా రొయ్యల చెరువుల ఫీడరు మీద ముందే ప్రకటించిన మరమ్మతు ఉంది, అది నేనే దగ్గరుండి చేయించాలి. సముద్రపు ఉప్పుగాలికి పింగాణీ ఇన్సులేటర్లు పాడవుతాయి, వాటిని మార్చాలి. సరఫరా నాలుగింటికి తిరిగి ఇస్తామని ఊళ్లో చెప్పించాం. నాలుగింటికి ముగిస్తే ఆరున్నరకు తెనాలిలో ఉండొచ్చు.

లైను మీద పని చేయాలంటే ఎల్‌సీ తీసుకోవాలి, అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ ఆపరేటరు బ్రేకరు తీసి, లైనులో కరెంటు ఆగిందని చెప్పి, ఒక నంబరు ఇస్తాడు. ఆ తర్వాత, పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా లైనుకు ఎర్త్ రాడ్లు తగిలించి మనుషులు స్తంభమెక్కుతారు. పని అయ్యాక, మనుషులందరూ దిగారు, రాడ్లు తీసేశాం అని ఎల్‌సీ తిరిగివ్వాలి. ఎవరు తీసుకున్నారో వాళ్లే ఇవ్వాలి. ఆ రోజు రెండు గ్యాంగులు రెండుచోట్ల పనిచేస్తున్నాయి కాబట్టి ఎల్‌సీ నా పేరు మీదే తీసుకున్నాను.

దగ్గరి గ్యాంగు చెప్పిన వేళకే దిగింది. చెరువుల చివర ఉన్న రెండో గ్యాంగు నుంచి కబురు లేదు. అక్కడి లైన్‌మన్ ఏసోబు ఫోను ఎన్నిసార్లు చేసినా పలకలేదు. ఈలోగా కోటేశ్వరరావు అనే రొయ్యల రైతు బండి మీద వచ్చి నా ముందు నిలబడ్డాడు. చెరువులో గాలి ఆడించే ఏరేటర్లు ఆగితే రొయ్య బతకదు.

"మేడం, నా జనరేటరు మొరాయించిందండి. రొయ్య పైకి తేలుతోందండి. ఇంకో గంటైతే నేను మునిగిపోయినట్టేనండి." అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

లైన్ ఇన్‌స్పెక్టర్ సుబ్బారావు నన్ను పక్కకు పిలిచాడు.

"నాలుక్కల్లా దిగిపోతానని ఏసోబు పొద్దున్నే చెప్పాడు మేడం. దిగిపోయే ఉంటాడు. మీ పేరుతో ఎల్‌సీ నేను ఇచ్చేస్తాను, మీరు తెనాలి వెళ్లండి. మీ పోటీ సంగతి మా అందరికీ తెలుసండి."

మంచిమనసుతోనే అన్నాడు. ఏసోబు మాట తప్పే మనిషి కాదని నాకూ తెలుసు. వెళ్లాలని నా ఒళ్లంతా లాగింది. కానీ దిగి ఉంటాడు అన్న మాట మీద లైను ఛార్జ్ చేయడం నాకు చేతకాదు. సీతారామయ్య గారికి ఫోను చేసి, వనజను కూర్చోబెట్టండి అన్నాను. ఆయన "సరేనమ్మా" అని పెట్టేశారు.

చెరువు గట్ల మీద స్కూటరు నడిపి చివరిదాకా వెళ్లాను. ఏసోబు మనుషులు గట్టున కూర్చుని ఉన్నారు. రాడ్లు తీసి, మడిచి, పక్కన పెట్టుకున్నారు. పని ఎప్పుడో అయిపోయింది. స్తంభం ఎక్కుతుండగా ఏసోబు ఫోను జేబులోంచి జారి చెరువులో పడిందట. కబురు చెప్పడానికి పంపిన మనిషి ఇంకో గట్టు మీదుగా వెళ్లాడట.

"మీరొస్తారని తెలుసండి, అందుకే కదల్లేదు" అన్నాడు ఏసోబు.

మనుషులను లెక్క చూసుకుని, రాడ్లు చేత్తో తాకి చూసుకుని, సిగ్నలు అందే చోటికి వచ్చి ఎల్‌సీ తిరిగిచ్చాను. చెరువుల్లో ఏరేటర్లు ఒకటొకటిగా తిరగడం మొదలైంది. నా వెనకే బండి మీద వచ్చిన కోటేశ్వరరావు పరుగున తన చెరువు వైపు వెళ్లాడు. కొంత సరుకు పోయిందిగానీ మిగతాది దక్కిందని తర్వాత చెప్పాడు.

సుబ్బారావు చెప్పినట్టే అంతా దిగే ఉన్నారు. నేను వెళ్లిపోయి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు, రైతుకు కాస్త ముందుగానే కరెంటు అందేది. ఈ నిజం బస్సులో తెనాలి దాకా నన్ను కాల్చుకు తింది.

నేను చేరేసరికి ఆఖరి రంగం నడుస్తోంది. వెనక వరుసలో నిలబడ్డాను. ప్రధాన నటుడు పద్యం ఎత్తుకునేలోగా వనజ వేళ్లు ఒకటిన్నరలో ఉన్నాయి. ఒక్కచోట కూడా తొట్రుపడలేదు. మా నాటకానికి బహుమతి వచ్చింది. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను, నాకు ఏడుపు కూడా వచ్చింది. రెండూ నిజమే.

మరుసటి శనివారం సీతారామయ్య గారు ఇబ్బందిపడుతూనే చెప్పారు. నటులకు వనజ వాయిద్యం అలవాటైంది, ఈ నాటకానికి ఆమెనే ఉంచుదాం అన్నారు. న్యాయమే అన్నాను. తర్వాత ఆ బృందం పోటీలకు వెళ్లిన ప్రతిసారీ వనజే వాయించింది. రెండో మనిషిగా నేను పక్కన సిద్ధంగా ఉన్నాను. ఆమె ఒక్కసారి కూడా మానలేదు. తెల్లవారుజాము సాధన నేనూ మానలేదు. ఆదివారాలు సూర్యలంక వెళ్లాను, బాపట్లలో పాఠం అప్పజెప్పాను.

ఉద్యోగం చేసుకుంటూ ఇవన్నీ ఎలా కుదిరాయని కొత్తగా చేరిన ఇంజనీర్లు అడుగుతుంటారు. నాకు తెలిసింది ఇంతే. ఉద్యోగంలో మన పేరు మీద తీసుకున్నది మనమే తిరిగివ్వాలి, అక్కడ రెండో మనిషి పనికిరాడు. వ్యాపకంలో రెండో మనిషిని మనమే తయారు చేసిపెట్టుకోవాలి. ఆ మనిషి మన కుర్చీలో కూర్చున్నాక కుర్చీ తిరిగి రాకపోవచ్చు. అది తెలిసీ మర్నాడు పొద్దున్నే పెట్టె తెరవగలిగితే వ్యాపకం నిలుస్తుంది.